పింగాణీ పన్నుకు లోపలి వైపు

గోదావరిఖనిలో క్లినిక్ తెరిచిన తొలినాళ్లలోనే నాకో సంగతి తెలిసొచ్చింది. ఈ ఊళ్లో దేన్నైనా తెల్లగా ఉంచుతాననుకోవడం ఒట్టి పొగరు. పొద్దున తుడిచిన అద్దం మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగిన రోజైతే కిటికీ రెక్కలు వణికి, సందుల్లోంచి సన్నటి నల్లపొడి లోపలికొచ్చి కూర్చునేది. నేను బొగ్గు కంపెనీ క్వార్టర్లలోనే పుట్టి పెరిగాను. మా నాన్న కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చిన ఇంజనీరు. చిన్నప్పుడు అమ్మ దండెం మీది బట్టలు దులుపుతూ విసుక్కుంటుంటే నవ్వేదాన్ని. తెల్లకోటు వేసుకున్నాక నాకూ అదే విసుగు పట్టుకుంది.

నా పనిలో రోగికి అస్సలు కనబడనిదీ, నేను మాత్రం ప్రాణం పెట్టి చేసేదీ ఒకటుంది. పింగాణీ పన్ను అతికించే ముందు దాని లోపలి వైపు కడగడం. విరిగిన పంటిని కొంత అరగదీసి, దాని మీదికి ఒక పింగాణీ తొడుగు చేయిస్తాం. అది హైదరాబాద్ ల్యాబ్ నుంచి వస్తుంది. బయటి వైపు నున్నగా మెరుస్తుంది, దాన్ని చూసి అందరూ మురిసిపోతారు. లోపలి వైపును మాత్రం ఘాటైన ఆసిడ్‌తో గరుకు చేస్తారు. ఆ గరుకులోకి జిగురు దిగితేనే పట్టు. చిక్కేమిటంటే, సరిపోయిందో లేదో చూడ్డానికి ముందొకసారి నోట్లో పెట్టి తీయాలి. తీసేసరికి ఉమ్ము ఆ గరుకులో చేరిపోతుంది. కంటికి కనబడదు, ఉత్త నీళ్లతో కడిగితే పోదు. అలాగే అతికించేస్తే ఆ రోజుకు బాగానే నిలుస్తుంది. రోగి నవ్వుకుంటూ ఇంటికి పోతాడు. కొన్నాళ్లకు ఏ జొన్నరొట్టె ముక్క దగ్గరో ఊడి చేతికొస్తుంది.

అందుకని దాన్ని మళ్లీ ఆసిడ్ జెల్‌తో రుద్ది, సన్నగా అదిరే చిన్న తొట్టిలో స్పిరిట్ పోసి అందులో వేసి, గాలితో ఆరబెట్టి, అప్పుడు గానీ మందు పూయకూడదు. బాగా శుభ్రపడిన పింగాణీ లోపల సుద్దముక్కలా పొడిగా, తెల్లగా కనిపిస్తుంది. ఆ తెలుపు వచ్చేదాకా నేను ఎవరి మాటా వినను. బయట బెంచీ మీద వాళ్లు ఎంత గొణుక్కున్నా సరే.

తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు ఒక షాట్‌ఫైరర్ నా దగ్గరికి వచ్చాడు. బొగ్గులో రంధ్రాలు వేసి, మందు కూరి పేల్చే పని అతనిది. యాభైకి దగ్గరపడిన మనిషి. కనురెప్పల అంచుల్లో కాటుక పెట్టినట్టు బొగ్గు. నోరు తెరిస్తే పైన ముందుపన్ను సగానికి విరిగి ఉంది. వెంట భార్య కూడా వచ్చి, గోడకు ఆనించిన కుర్చీలో సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఏం కొరికావన్నా?" అనడిగాను.

"వైరు తోలు గుంజిన డాక్టరమ్మా."

పేలుడు తీగల మీది ప్లాస్టిక్ తోలును పళ్లతో ఒలవడం వాళ్లకు అలవాటు. జేబులో కత్తి ఉన్నా సరే, పళ్లే ముందుకొస్తాయి. నాకు ఒళ్లు మండింది. దేవుడు పళ్లిచ్చింది కరెంటు పనికి కాదని గట్టిగానే అన్నాను. అతను చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. భార్య నవ్వలేదు.

"సోకు కోసం గాదు డాక్టరమ్మా," అన్నాడు. "నేను రెస్క్యూల ఉన్న. వచ్చే నెల మెడికల్ ఉన్నది. పన్ను గిట్లుంటె తీసేస్తరు."

రెస్క్యూ అంటే ఈ ప్రాంతంలో చిన్నపిల్లలకూ తెలుసు. గనిలో పొగ కమ్మినా, గ్యాసు నిండినా, కప్పు కూలినా లోపలికి వెళ్లే జట్టు. వీపు మీద ఆక్సిజన్ పెట్టె, ముక్కుకు క్లిప్పు, నోట్లో రబ్బరు ముక్క. ఆ రబ్బరును పళ్లతో కరిచి పట్టుకోవాలి. లోపలున్నంతసేపూ ఊపిరి దానిగుండానే. మాట్లాడకూడదు, దగ్గొచ్చినా నోరు తెరవకూడదు. తెరిస్తే బయటి గ్యాసు నోట్లోకి పోతుంది. అందుకే కట్టుడు పళ్లవాళ్లను, పళ్లు కదిలేవాళ్లను జట్టులో ఉంచరు. తీసి పెట్టుకునే పన్ను వద్దనీ, సొంత పన్నులాగే పాతుకుపోయి ఉండాలనీ అతను పట్టుబట్టాడు.

"ఇన్నేళ్లు చేశావుగా అన్నా, ఇంక చాలదా?" అన్నాను, మాటవరసకే.

"ఒక్కన్ని పానంతోటి బయటికి తెచ్చిన. దసరా నాడు జమ్మి వట్టుకొని ఫస్టు మా ఇంటికే వస్తడు. ఆని పిల్లలు గుడ వస్తరు. ఎట్ల ఇడిషిపెట్టాలె?"

"పానంతోటి తెచ్చింది ఒక్కన్ని. తెచ్చిన పీనుగులు ఎన్ని? గది గుడ చెప్పు," అంది భార్య వెనక నుంచి.

అతను తల తిప్పి పైన దీపం వైపు చూశాడు. ఆమె నాకేసి తిరిగింది.

"అందరు ఉరికొచ్చే కాడికి ఈయిన ఉరికివోతడు డాక్టరమ్మా. క్వార్టర్ ముంగట జీపు సప్పుడైతె నా పెయ్యంత వణుకుతది. వచ్చినంక రెండు మూడు దినాలు బువ్వ ముట్టడు. అడిగితె చెప్పడు."

"ఊకోవే. ఈడ పంటి ముచ్చట," అన్నాడతను.

పంటి వేరుకు చేయాల్సిన వైద్యం చేసి, కొలతలు తీసి ల్యాబ్‌కు పంపాను. పొగాకుతో పచ్చబడిన పక్కపన్నుకు కలిసేలా రంగు కొంచెం పాతగా ఉండాలని రాశాను. బంద్‌ల వల్ల ఆలస్యమైంది గానీ తొడుగు వచ్చింది. నోట్లో పెట్టి చూశాను. ఇట్టే సరిపోయింది. అతనికి అద్దమిస్తే చాలాసేపు చూసుకున్నాడు. ఇక కడిగి అతికించడమే అనుకుంటుండగా కరెంటు పోయింది. దేశానికి కరెంటు పంపే ఊరు మాది. కిటికీలోంచి ప్లాంటు పొగగొట్టాలు కనబడుతుంటాయి, నెత్తి మీద ఫ్యాను మాత్రం తిరగదు. ఇన్వర్టర్ కూడా కాసేపటికి చేతులెత్తేసింది. జిగురును గట్టిపరిచే దీపానికి, గాలికి, అన్నిటికీ కరెంటే కావాలి. రేపు రమ్మన్నాను.

"ఒక్క రోజు ఇంటికి కొంటవోతం డాక్టరమ్మా. దేవుని కాడ వెడుతం," అంది భార్య.

ఇక్కడి ఇళ్లలో కొత్త బూట్లొచ్చినా, నెత్తిదీపానికి కొత్త బెల్టొచ్చినా ముందు దేవుడి గూట్లో పెట్టి, పసుపు కుంకుమ అద్ది గానీ గనికి తీసుకెళ్లరు. ప్రాణం మీదికొచ్చే పనికి వాడే వస్తువాయె. కాదనడానికి నాకు నోరు రాలేదు. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఆమె చేతికిస్తూ వేలు చూపించి మరీ చెప్పాను.

"డబ్బా అలాగే పెట్టండమ్మా, మూత తీయొద్దు. ముఖ్యంగా ఈ లోపలి వైపు ఏదీ తగలకూడదు. ఉమ్ము గానీ నూనె గానీ తగిలిందా, ఇది అతకదు, ఊడిపోతుంది."

"నూనె తగిలితె అతకదా?"

"అతకదు."

"మంచిది," అని డబ్బాను కొంగున ముడేసుకుంది.

మర్నాడు ఇద్దరూ వచ్చారు. అతన్ని కుర్చీలో పడుకోబెట్టి డబ్బా తెరిచాను. తొడుగు నిండా పసుపు ముద్ద. నూనెలో కలిపి, వేలితో అదిమి అదిమి లోపల కూరినట్టుంది. నా నోటికి అడ్డూ అదుపూ లేకపోయింది. చిలక్కి చెప్పినట్టు చెప్పాననీ, దేవుడి మీద భక్తి ఉంటే గూట్లో దీపం పెట్టుకోవాలి గానీ నా పని నాశనం చేయడమేంటనీ, బస్సులు సరిగా తిరగని ఈ రోజుల్లో హైదరాబాద్ నుంచి ఇంకోటి రావాలంటే మెడికల్ దాటిపోతుందనీ, ఏదేదో అన్నాను. నాకంటే పదిహేనేళ్లు పెద్దామెను నిలబెట్టి తిట్టాను.

"బొట్టు బయట వెడితె నవ్వితె కనవడుతదని లోపట వెట్టిన," అందామె. గొంతులో ఏ బాధా లేదు.

"ఏం పని జేసినవే," అన్నాడతను. కోపం కూడా తెచ్చుకోలేకపోయాడు. నాలుకతో విరిగిన పంటి అంచును తడుముకుంటూ నా ముఖంలోకి చూశాడు. "పోతదా డాక్టరమ్మా? మెడికల్ దగ్గరవడె."

"పోగొడతాను," అన్నాను.

కడిగే చోటు వెనక చిన్న గది. గాలి కొట్టే కంప్రెషర్ కూడా అక్కడే ఉంది, అది మొదలైతే ముందు గదిలోకి మన మాట వినబడదు. ముద్ద గీకేసి, తొడుగును స్పిరిట్‌లో వేశాను. స్పిరిట్ క్షణంలో పచ్చగా మారింది. పారబోసి మళ్లీ పోశాను. తీసి గాలికి ఆరబెట్టి, లోపల ఒక నీటిచుక్క వేశాను. శుభ్రమైన పింగాణీ మీద చుక్క పరుచుకుంటుంది. ఇది మాత్రం తామరాకు మీద నిలిచినట్టు గుండ్రంగా నిలబడింది. ఇంకా నూనె ఉంది. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. చూస్తే ఆమె గుమ్మంలో నిలబడి ఉంది.

"పోతాందా?"

"పోతుంది. పోయేదాకా వదలను."

"పోకుంటె మంచిగుండు," అంది.

సరిగా విన్నానో లేదోనని కంప్రెషర్ ఆపాను. ఆమె వచ్చి దాని బటన్ మళ్లీ తనే నొక్కింది. భర్తకు వినబడకూడదని.

"నేను దేవుని కాడ వెట్టలే డాక్టరమ్మా. పొయ్యి కాడ వెట్టిన. మంచినూనె పోసి నానవెట్టిన. నువ్వు తిడితె దేవుని పేరు చెప్పొచ్చని మీదికెళ్లి పసుపు కలిపిన. ఈ పన్ను నిలవకుంటె ఆయినను తీసేస్తరు. జీపు వచ్చినా పొయ్యేది ఉండది. ఇంట్ల ఉంటడు."

నేను చెప్పిన మాటే ఆమె పట్టుకుపోయింది. భక్తి అనుకుని నేను వెర్రిదాన్ని చేసి తిట్టిన మనిషి, నా కంటే నిదానంగా ఆలోచించుకుని వచ్చింది. అయితే ఆమె ఆలోచనలో ఒకటి తప్పింది. అది చెప్పక తప్పలేదు.

"అమ్మా, నూనె ఉంటే ఇది ఇవ్వాళే ఊడదు. మెడికల్‌లో కదిపి చూస్తారు, కదలదు. ఆయన పాసైపోతాడు. తర్వాత ఎప్పుడో ఊడుతుంది. ఎప్పుడన్నది నేను చెప్పలేను. రబ్బరును గట్టిగా కరిచి బిగించినప్పుడే ఊడటానికి ఎక్కువ వీలు."

"అంటె, లోపట ఊడుతదా? పొగల?"

"అక్కడే ఊడొచ్చు."

ఆమె సింకు అంచు పట్టుకుంది. "నా చేతుల మన్నువడ," అంది. పళ్లు పీకేటప్పుడు భయపడేవాళ్లను చాలామందిని చూశాను గానీ, ఒక మనిషి తన చేతులను తానే అంత భయంగా చూసుకోవడం చూడటం అదే మొదటిసారి.

నా మోచెయ్యి పట్టుకుంది. "అయితె ఖరాబైందని చెప్పు బిడ్డా. ఇది ఇంక పనికిరాదని చెప్పు. నీ మాట ఇంటడు."

నిజం చెప్పాలంటే నా మనసూ అటే లాగింది. ఒక్క మాటతో తేలిపోతుంది. తలుపు సందులోంచి చూశాను. అతను కుర్చీలో లేచి కూర్చుని, బుగ్గలో దూదితో, ఒళ్లో అద్దం పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. అబద్ధమాడటం నాకు చేతకాక కాదు. కానీ ఆ అబద్ధం చెప్పడానికి నేనెవర్ని అనిపించింది.

"నువ్వు చెప్పమ్మా. ఎందుకు వద్దంటున్నావో ఆయనకు నువ్వే చెప్పు. ఆయన సరేనంటే నేను ఇక్కడితో ఆపేస్తాను."

ఆమె కూడా సందులోంచి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇనడు బిడ్డా. వేరే డాక్టరు కాడికి వోతడు. మంచిర్యాలకన్న వోతడు, యాడికన్న వోతడు. ఆళ్లు గింత మంచిగ కడుగుతరో లేదో," అంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "కడుగు. మంచిగ కడుగు."

అప్పుడు మొదలైంది అసలు కడగడం. ఆసిడ్ జెల్ వేసి సన్న బ్రష్‌తో మూలమూలా రుద్దాను. నీళ్లతో కడిగాను. స్పిరిట్ తొట్టిలో వేసి అదిరించాను. ఆరబెట్టి చుక్క వేశాను. కొంచెం పరుచుకుంది. మళ్లీ మొదటికొచ్చాను. ఆమె నా భుజం మీద నుంచి వంగి చూస్తూనే ఉంది. ఆమె ఊపిరి నా మెడకు తగులుతోంది. ఎవరైనా అలా మీద పడి చూస్తే మామూలుగా విసుక్కునేదాన్ని, ఆ రోజు ఏమీ అనలేదు. చివరికి చుక్క లోపలంతా పల్చగా పాకింది. ఆరబెడితే సుద్దలాంటి తెలుపు వచ్చింది.

"అయిపోయింది."

"ఇంకొక్కసారి కడుగు," అంది.

అవసరం లేదు. అయినా ఇంకోసారి కడిగాను.

మందు పూసి, జిగురు వేసి, పన్ను అతికించి నీలి దీపం పెట్టాను. ఆ రోజు కరెంటు పోలేదు. అతను పళ్లు బిగించి, దవడ కండ బిగుసుకునేలా కరిచి చూశాడు. "ఉక్కు లెక్కుంది," అని మురిసిపోయాడు. మెడికల్ పాసై దూద్‌పేడా పొట్లం తెచ్చిచ్చాడు. ఆమె రాలేదు.

ఆ తర్వాత మాత్రం ఆమే వచ్చేది. నొప్పీ లేదు, నలతా లేదు, అతన్ని వెంటబెట్టుకుని వచ్చి పన్ను చూడమనేది. నేను తట్టి చూసి, కదిపి చూసి, గట్టిగా ఉందమ్మా అనేదాన్ని. తల ఊపేది గానీ నమ్మేది కాదు. ఒకసారి అతను కుర్చీ దిగి చెప్పులేసుకుంటుంటే నా చెవి దగ్గర అంది: "కలల ఊడుతాంది బిడ్డా. రోజూ ఊడుతాంది." పోయినసారిలాగే ఇప్పుడూ గట్టిగానే ఉందని చెప్పడం తప్ప నాకేం తోస్తుంది. అతనికి ఇదంతా తమాషా. "నా పన్ను మీద నాకన్న ఈమెకే ఫికర్ ఎక్కువ డాక్టరమ్మా," అనేవాడు. ఆ నూనె సంగతి ఆమె అతనికి చెప్పిందో లేదో నాకు తెలియదు. నేనైతే చెప్పలేదు.

మరుసటి ఎండాకాలంలో నది అవతల ఒక గనిలో, ఎప్పుడో పని ఆపేసిన పాత భాగంలో బొగ్గు తనంతట తనే వేడెక్కి పొగ లేచింది. బొగ్గున్న చోట అది కొత్తేం కాదు. లోపల మనుషులెవరూ చిక్కుకోలేదు. గాలి పోకుండా అడ్డం గోడ కట్టి రావడమే పని. జట్టును పిలిచారు. జీపు అతని క్వార్టర్ ముందు కూడా ఆగింది.

ఆ కబురు నాకు ఒక రోగి నోట వచ్చింది. దవడకు మత్తు సూది ఇచ్చి ఆగితే, "మీరు పన్ను వెట్టిన షాట్‌ఫైరర్ లేడు గదా, పోయిండు. లోపట వేడికి కూలవడ్డడట," అన్నాడు మాటల్లో. నా మొదటి ఆలోచన ఆ మనిషి గురించి కాదు. పంటి గురించి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, పంటి గురించే. ఆ రోగి పన్ను ఎలా తీశానో గుర్తులేదు. తలుపు మూసి కంపెనీ దవాఖానకు నడిచాను.

వరండాలో రెస్క్యూ జట్టువాళ్లు గోడకు చేరగిలబడి కూర్చున్నారు. ముఖాలు కడుక్కోలేదు. గుండె ఆగిందని అక్కడి డాక్టరు చెప్పాడు. ఆ వేడిలో, ఆ వయసులో, వీపు మీద అంత బరువుతో, ఎందుకు ఆగిందన్నది తర్వాత చూస్తామన్నాడు. అడగాల్సినది ఎలా అడగాలో తెలియలేదు.

లోపల ఆమె శవం పక్కన నిలబడి ఉంది. చుట్టూ ఆడవాళ్లు ఏడుస్తున్నారు. ఆమె కంట్లో చుక్క లేదు. నన్ను చూడగానే వాళ్లందరినీ చేత్తో పక్కకు జరిపింది.

"బిడ్డా, నువ్వొస్తవని చూస్తాన. నువ్వే సూడు. నాకు ధైర్యం చాల్తలేదు."

ఏం చూడాలో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. చేతికి గ్లవ్స్ కూడా లేవు. అతని పైపెదవిని బొటనవేలితో పైకి జరిపాను. బిగుసుకుపోయింది, చల్లగా ఉంది. పళ్ల మధ్య బొగ్గుపొడి చేరింది. దాన్ని వేలితో తుడిచాను.

"ఉన్నదా?" అంది వెనక నుంచి.

"ఉందమ్మా."

"కదులుతాందా?"

వేలు పెట్టి నొక్కాను. పక్కకు తోశాను. ఇంకా గట్టిగా నొక్కాను.

"కదల్లేదు. పెట్టింది పెట్టినట్టే ఉంది."

ఆమె రెండడుగులు వేసి, వంగి, తన వేలితో తానే ఆ పంటిని తాకి చూసింది. తర్వాత మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడింది.

"అయితె నేను సంపలే," అంది. అప్పుడు ఏడ్చింది.